గోడమీది లైసెన్సు, చేతిలోని రసీదు
(ఉప్పునుంతలలో రైతుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



రోహిణి కార్తె నడుచుచున్నది. కొద్ది దినములలో మిరుగు వచ్చును. చలకలు దున్ని సిద్ధపరచుకొని, వాన కొరకు ఆకాశమువైపు, విత్తనము కొరకు దుకాణమువైపు చూచు కాలమిది. వాన మన చేతిలో లేదు. దుకాణము సంగతి మాత్రము కొంతవరకు మన చేతిలోనే ఉన్నది. ఆ సంగతి మీతో ముచ్చటించుటకే వచ్చితిని.

లైసెన్సులను గూర్చి చెప్పెదననగానే, "అది దుకాణదారునికి, సర్కారుకు నడుమ గొడవ, మనకేమి?" అని మీలో కొందరైనను అనుకొందురు. నేనును ఉద్యోగములో చేరిన క్రొత్తలో అట్లే అనుకొంటిని. ఒక సంవత్సరము ఒక పల్లెలో రెండు చేలు చూచిన తరువాత ఆ అభిప్రాయము మారినది.

రెండు చేలకును ఒకటే గట్టు. రెండింటను పత్తియే. రెండింటను మొలక సరిగా రాలేదు. మొదటి రైతు మోటారు సైకిలు మీద ఇంటి ముందరికి వచ్చిన మనిషివద్ద విత్తనము కొనెను. "ఈ పత్తిలో గడ్డిమందు కొట్టినా పత్తి చావదు, కలుపు కూలి మిగులుతది" అని ఆ మనిషి చెప్పెనట. నేను సంచి చూపుమంటిని. తెచ్చి చూపినది అచ్చులేని ప్లాస్టికు కవరు. పేరు లేదు, లాటు నంబరు లేదు. "రసీదు ఏది?" అని అడిగితిని. "బండి మీద వచ్చినాయన రసీదు ఎందుకు ఇస్తడు సారూ?" అనెను. ఆ మాట నిజమే. ఇక చేయగలిగినది ఏమియు లేకపోయెను. ప్రక్కచేను రైతు మాత్రము దుకాణములో కొని, రసీదును ఖాళీ సంచితో కలిపి ఇంటి దూలమునకు చెక్కి పెట్టుకొనెను. అధికారి వచ్చి చేను చూచెను. దుకాణములో అదే లాటు సంచులు ఇంకను ఉండగా వాటినుండి నమూనా తీసెను. కంపెనీ మనుషులు వారముతిరుగక ముందే ఊరికి వచ్చిరి. ఆ రైతునకు పంట తిరిగి రాలేదు గాని, మాటలాడుటకు ఎదుట ఒక మనిషి నిలిచెను. మొదటి రైతునకు ఆ మనిషియే లేడు.

లైసెన్సు అనగా ఇదియే. నష్టము వచ్చిననాడు మనకు జవాబు చెప్పవలసిన మనిషి ఎవడు, అతని దుకాణము ఎక్కడ, అతనికి సరుకు ఇచ్చిన కంపెనీ ఏది అని ముందుగానే వ్రాసి పెట్టిన కాగితము. ఆ కాగితము దుకాణము గోడమీద ఉండును. దానిని మన చేనితో ముడివేయు దారము రసీదు. దారము లేనిచో గోడమీది కాగితము మనకు పనికిరాదు.

మన దుకాణములలో మూడు రకముల సరుకు ఒకే కప్పు క్రింద అమ్ముదురు: విత్తనము, ఎరువు, పురుగుమందు. చూచుటకు ఒకటే దుకాణమైనను, చట్టము దృష్టిలో అవి మూడు. ఒకదానికి ఉన్న అనుమతి ఇంకొకదానికి చెల్లదు. ఎరువుల కాగితము గోడకు తగిలించి విత్తనములు అమ్మువారు లేకపోలేదు. అందుచేత గోడమీద ఏదో అద్దాల చట్రము ఉన్నదని తృప్తిపడక, అది దేని కాగితమో చదువవలెను. చదువు రానివారు బడికి పోవు పిల్లవానిని వెంట తీసికొనిపోయినను చాలును.

మొదట విత్తనము. 1966లో విత్తనముల చట్టము వచ్చినది. 1968లో దాని నియమములు వచ్చినవి. అమ్మువానికి లైసెన్సు తప్పనిసరి చేసినది 1983 నాటి విత్తనముల నియంత్రణ ఉత్తర్వు. దుకాణదారుడు 'ఎ' ఫారములో దరఖాస్తు పెట్టుకొనవలెను. 'బి' ఫారములో లైసెన్సు ఇత్తురు. దానికి కాలపరిమితి ఉండును. గడువు తీరిన తేదీ ఆ కాగితముమీదనే ఉండును గనుక మొదట చూడవలసినది అదియే. ఏ దినమున ఎంత సరుకు ఉన్నది, ధర ఎంత అని పలకమీద వ్రాసి అందరికి కనబడునట్లు పెట్టవలెనని కూడ ఆ ఉత్తర్వు చెప్పుచున్నది. పలక ఖాళీగా ఉన్న దుకాణమును నేను కొంచెము అనుమానముతోనే చూతును.

ఇక రసీదు. ఇక్కడ మన తెలంగాణ పల్లెలలో ఉన్న అసలు చిక్కు చెప్పవలెను. మనలో ఎక్కువమంది విత్తనము నగదుకు కొనరు. ఉద్దెరకు తెత్తురు. పంట వచ్చిన తరువాత అదే షావుకారుకు పత్తి పోసి లెక్క చూచుకొందురు. "పైసలు ఇయ్యనిదే రసీదు ఎట్లడుగుదుము? అడిగితే ఉద్దెర బందు పెట్టడా?" అని వెనుదీయుదురు. ఈ భయము వట్టిది కాదు, నేను దానిని తేలికగా తీసివేయను. కాని ఉత్తర్వులో ఉన్న మాట మీరు తెలిసికొనవలెను. నగదు అమ్మకమైనను, అరువు అమ్మకమైనను, కొన్న ప్రతివానికి రసీదు ఇచ్చి తీరవలెనని అందులో స్పష్టముగా ఉన్నది. అరువు రసీదు ఇచ్చుట వలన షావుకారునకు నష్టము కూడ లేదు. ఎవరెంత బాకీ ఉన్నారో దానిమీదనే తేలును గదా! ఇద్దరు ముగ్గురు కలిసి పోయి అడిగినచో అడుగుట తేలికగును. ఒంటరిగా అడిగినవానిని విసుగుకొను దుకాణదారుడు పదిమంది అడిగినప్పుడు రసీదు పుస్తకము తీయుట నేను చూచితిని.

ఆ రసీదుమీద ఏమి ఉండవలెను? దుకాణము పేరు, లైసెన్సు నంబరు, కొన్న తేదీ, మీ పేరు, పంట, రకము, కంపెనీ, లాటు నంబరు, ఎన్ని సంచులు, ధర ఎంత. వీనిలో లాటు నంబరును మరువరాదు. ఎందుచేతననిన, 1968 నియమముల ప్రకారము అమ్మిన ప్రతి లాటు లెక్కను దుకాణదారుడు మూడు సంవత్సరములు దాచి ఉంచవలెను. మీ రసీదులో లాటు నంబరు ఉన్నచో, మీ చేనులోని మొక్కనుండి ఆ లెక్క పుస్తకము వరకు దారి ఉన్నది. "పత్తి విత్తనము, 4 ప్యాకెట్లు" అని మాత్రమే వ్రాసిన చిట్టీ పోచమ్మ గుడివద్ద కట్టిన ముడుపువంటిది. నమ్మకమే గాని సాక్ష్యము కాదు.

సంచిమీది చీటీ రంగును కూడ చూడవలెను. నీలి చీటీ ఉన్నచో అది ధ్రువీకరించిన విత్తనము. ధ్రువీకరణ సంస్థవారు పొలము చూచి, మొలక పరీక్షించి ఇచ్చినది. తెల్లచీటీ మూలవిత్తనమునకు. లేత ఆకుపచ్చ చీటీ ఉన్నచో, దానిని ఏ సంస్థయు ధ్రువీకరింపలేదు. లోపల ఇది ఉన్నదని కంపెనీయే తన మాటగా చెప్పుచున్నదని అర్థము. మనము కొను పత్తి ప్యాకెట్లు చాలవరకు ఈ ఆకుపచ్చ చీటీవే. అది తప్పు కాదు. కాని చీటీమీద వ్రాసిన మాటకు కంపెనీ కట్టుబడవలెను. హైబ్రిడ్ పత్తికి నూటికి 75, హైబ్రిడ్ మొక్కజొన్నకు 90, వరికి 80, వేరుశనగకు, ఆముదమునకు 70 చొప్పున మొలక ఉండవలెనని ప్రమాణము ఉన్నది. సంచి విప్పగానే అంతయు చేనులో వేయక, వరి, వేరుశనగవంటివి 100 గింజలు లెక్కించి తడి గోనెలో చుట్టి చూడుడు. పత్తి గింజ ఖరీదైనది గనుక 25 గింజలతోనైనను చూడుడు. వారము పది దినములలో తెలిసిపోవును. వాన పడిన తరువాత ఈ పరీక్షకు తీరిక ఉండదు. విత్తనము ముందుగా కొనుమని చెప్పుట అందుకే.

గడ్డిమందుకు చావని పత్తి సంగతి విప్పి చెప్పెదను. మన దేశములో బి.టి. పత్తికి 2002లో అనుమతి ఇచ్చిరి. రెండవ రకము, అనగా మనము బి.జి.-2 అని పిలుచునది, 2006లో వచ్చినది. గడ్డిమందును తట్టుకొను పత్తికి సాగు అనుమతి ఇవ్వలేదు. అనుమతి లేని సరుకును లైసెన్సు ఉన్నవాడు రసీదు వ్రాసి అమ్మలేడు. అందుకే అది ఎప్పుడును బండిమీద, సందులో, రాత్రిపూట వచ్చును. కలుపు కూలి భారము నాకు తెలియును. మందు కొట్టిన ఇరువది దినములకే మరల గడ్డి పెరిగినప్పుడు ఇంటి ఆడవారు పడు కష్టమును తెలియును. ఆ విత్తనము కొనువారిని నేను నిందింపను. కాని ఆ కొనుగోలులో నష్టము పూర్తిగా కొన్నవానిదే. బి.టి. పత్తి ప్యాకెట్టు ధరను కేంద్ర ప్రభుత్వము ఏటేట నిర్ణయించును. 2025-26 సంవత్సరమునకు బి.జి.-2 ప్యాకెట్టు 901 రూపాయలు. దానికి మించి అడిగినను, దానికి చాల తక్కువకు ఇచ్చెదనన్నను జాగ్రత్త పడవలసినదే.

ఎరువుల సంగతి త్వరగా చెప్పి ముగింతును. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు మొదట 1957లో వచ్చినది. ఇప్పుడు అమలులో ఉన్నది 1985 నాటిది. ఎరువుల దుకాణమునకు ఇచ్చు కాగితమును అధికార పత్రమందురు. ఏ కంపెనీ సరుకును అమ్ముచున్నాడో ఆ కంపెనీ ఇచ్చిన 'ఓ' ఫారము కూడ దుకాణదారునివద్ద ఉండవలెను. ఇక్కడను ధరల పలక, రసీదు తప్పవు. వేపపూత యూరియా 45 కిలోల సంచి ధర 242 రూపాయలు. వేపపూత ఖర్చు, పన్ను కలిపి 266 రూపాయల 50 పైసలు. మిషనుమీద వేలిముద్ర వేసినప్పుడు వచ్చు చీటీని అక్కడనే పారవేయవద్దు. మీ పేర ఎన్ని సంచులు వ్రాసిరో దానిలో ఉండును. రెండు సంచులు తెచ్చినవాని పేర అయిదు సంచులు ఉన్నచో ఇంటికి పోక ముందే అడుగవచ్చును. యూరియా కావలెననిన ఈ డబ్బా కూడ కొనుమని లింకు పెట్టినచో ఒప్పుకొన నక్కరలేదు, దానిపై ఫిర్యాదు చేయవచ్చును.

పురుగుమందులకు 1968 చట్టము, 1971 నియమములు ఉన్నవి. ఇక్కడ రెండు మెట్లున్నవి. మొదట మందునే కేంద్రములోని రిజిస్ట్రేషను కమిటీవద్ద నమోదు చేయవలెను. తరువాత దానిని అమ్మువానికి లైసెన్సు ఉండవలెను. ఆ లైసెన్సుతో ఏ మందులు అమ్మవచ్చునో ఆ పేర్లు ఉండును. ఏ ఇంట అమ్మవలెనో ఆ చోటు ఉండును. అచ్చంపేటలో ఉన్న లైసెన్సుతో ఉప్పునుంతలలో రెండవ దుకాణము తెరచుటకు వీలు లేదు. సీసామీద రిజిస్ట్రేషను నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ, విరుగుడు, వజ్రాకారములో రంగు గుర్తు ఉండవలెను. ఎరుపు అన్నిటికన్న విషము. తరువాత పసుపు, నీలము, ఆకుపచ్చ. ఆకుపచ్చ గుర్తు ఉన్నదని చేతితో కలుపరాదు. అదియు విషమే, తక్కువ విషము.

"ఇది బయో మందు, దీనికి లైసెన్సు అక్కరలేదు" అను మాట ఈ మధ్య ఎక్కువగా వినబడుచున్నది. పురుగును చంపునని అమ్మినచో, అది వేప నుండి తీసినదైనను, సూక్ష్మజీవులతో చేసినదైనను, రిజిస్ట్రేషను ఉండి తీరవలెను. పైరు పెరుగునని, పూత నిలుచునని చెప్పి అమ్ము బయోస్టిమ్యులెంట్లను కూడ 2021లో ఎరువుల ఉత్తర్వు క్రిందికి తెచ్చిరి. ఇక ఏ చట్టమునకును చెందని సీసా మన చేనులోనికి రావలసిన పని లేదు.

మీ పిల్లలలో ఎవరైనను ఇటువంటి దుకాణము పెట్టుకొనదలచిన, వ్యవసాయమో రసాయనశాస్త్రమో చదివినవారికి దారి సులభము. ఆ చదువు లేక ముందునుండియే దుకాణము నడుపుచున్నవారి కొరకు హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని మేనేజ్ సంస్థ 2003లో ఒక సంవత్సరము డిప్లొమా ప్రారంభించినది. వారమునకు ఒక దినము తరగతి గనుక దుకాణము మూయ నక్కరలేదు. ఇది చదివినవాడు తెగులును చూచి మందు ఇచ్చును, తన వద్ద మిగిలిన మందును చూచి తెగులు పేరు చెప్పడు. నాకు తెలిసిన మంచి దుకాణదారులు చాలమంది ఉన్నారు. నేను చెప్పునదంతయు వారికి విరోధము కాదు. లైసెన్సు తీసికొని, పన్ను కట్టి, అద్దె కట్టి కూర్చున్నవాని బేరమును బండిమీద వచ్చినవాడు కొట్టుకొనిపోవుచున్నాడు. రసీదు అడుగు రైతు ఆ మంచివానికి చుట్టమే.

"మరి నేను మా బావమరదికి వేరుశనగ విత్తనము ఇయ్యవలెననిన నాకును లైసెన్సు కావలెనా?" అని ఒక పెద్దమనిషి ఇందాక చెట్టుక్రింద అడిగెను. అక్కరలేదు. తాను పండించిన విత్తనమును తన ఇంటివద్దనే, విత్తుకొనుటకు, ఇంకొక రైతునకు నేరుగా ఇచ్చినచో అమ్మినచో 1966 చట్టము అడ్డు రాదు. 2001 నాటి మొక్కల రకముల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టము ఇంకను ముందుకు పోయి, విత్తనము దాచుకొనుట, తిరిగి విత్తుట, మార్చుకొనుట, పంచుకొనుట, అమ్ముట రైతు హక్కని చెప్పినది. రక్షణ పొందిన రకమును కంపెనీ సంచివలె అచ్చువేసి, పేరు పెట్టి అమ్మరాదు, అంతే. యాసంగిలో మన ప్రాంతమంతట వేరుశనగ వేయుచున్నాము. దానికి సొంత విత్తనము చక్కగా పనికివచ్చును. హైబ్రిడ్ పత్తికి, హైబ్రిడ్ మొక్కజొన్నకు ఇది పనికిరాదు. అందులో చట్టము అడ్డము కాదు. రెండవ తరములో మొక్కలు ఒక తీరుగా రావు, దిగుబడి పడిపోవును.

పంట అమ్ముకొను వేళ లైసెన్సు సంగతి తిరుగబడును. మన పంటను మనము అమ్ముకొనుటకు ఏ లైసెన్సు అక్కరలేదు; కొనువానికి కావలెను. 1966 నాటి వ్యవసాయ మార్కెట్ల చట్టము క్రింద మార్కెట్ కమిటీ ఆ లైసెన్సు ఇచ్చును. యార్డులో అమ్మినప్పుడు తక్‌పట్టీ ఇత్తురు. తూకము, ధర, కోతలు అన్నియు దానిమీద ఉండును. కల్లము కాడికే వచ్చి కాంటా పెట్టు దలారిని మాత్రము "లైసెన్సు ఏది?" అని అడుగువారు తక్కువ. ఇంటికాడ అమ్మవద్దని నేననను; బండి కిరాయి, కూలి మిగులును గదా. కాని అతని పేరు, కొనిన తూకము, ధర ఒక కాగితముమీద వ్రాయించి సంతకము తీసికొనుడు. కాంటాకు తూనికల శాఖవారి ముద్ర ఉన్నదా చూడుడు. ఎలక్ట్రానిక్ కాంటాకు ఏటేట ముద్ర వేయించవలెను. అనుమానమున్నచో ముందుగా తూచిన ఒక యూరియా సంచి ఆ కాంటామీద పెట్టి చూచిన తెలియును.

బోరు వేయించుటకు కూడ 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము క్రింద అనుమతి తీసికొనవలెను, బోరు బండికి రిజిస్ట్రేషను ఉండవలెను. ఆ సంగతి ఇంకొక దినమునకు ఉంచుదును. అది ఒక గంట మాట.

ఇప్పుడు నష్టము వచ్చినచో ఏమి చేయవలెను? మొలక రాకున్నను, కాపు రాకున్నను, చేనును దున్నివేయుటకు ముందుగా మండల వ్యవసాయాధికారికి వ్రాసి ఇవ్వవలెను. తొందరపడి దున్నివేసి, తరువాత దరఖాస్తు పట్టుకొని వచ్చిన రైతులను చూచి నేను చాలమార్లు బాధపడితిని. చూపుటకు చేనే లేనప్పుడు అధికారి ఏమి వ్రాయగలడు? దరఖాస్తు నకలుమీద అందినదని సంతకము, తేదీ వేయించుకొనుడు. మండల వ్యవసాయాధికారి విత్తనముల ఇన్స్పెక్టరు కూడ. అతడు దుకాణమునుండియే గాక, కొన్న రైతువద్ద మిగిలిన సంచినుండి కూడ నమూనా తీయవచ్చును. అందుచేత ఒక సంచిలో గుప్పెడు గింజలైనను మిగిల్చి, చీటీతో సహా దాచుట మంచిది. విత్తనముల చట్టము క్రింద శిక్ష చిన్నది. 1966లో మొదటి తప్పునకు 500 రూపాయలకు మించని జరిమానా వ్రాసిరి. ఆనాడు అది పెద్ద సొమ్మే. పైగా ఆ జరిమానా సర్కారుకు పోవును, రైతునకు రాదు.

రైతునకు సొమ్ము ఇప్పించగలిగినది వినియోగదారుల కమిషను. ఈ సంగతిలో మన పాత మహబూబ్‌నగర్ జిల్లాకు ఒక పాలు ఉన్నది. ఉప్పునుంతల 2016 వరకు ఆ జిల్లాలోనిదే గదా. మహబూబ్‌నగర్, కర్నూలు, గుంటూరు, ఖమ్మము, కాకినాడ ఫోరములలో రైతులు జాతీయ విత్తనముల సంస్థపై ఫిర్యాదులు చేసి, విత్తనము చెడి పంట పోయినదని పరిహారము పొందిరి. సంస్థ సుప్రీము కోర్టు వరకు పోయినది. రైతు వ్యాపారి గనుక వినియోగదారుడు కాడని, విత్తనముల చట్టము వేరే ఉన్నదని, రైతులు విత్తనమును పరీక్షకు పంపలేదని వాదించినది. 2012 జనవరిలో సుప్రీము కోర్టు ఆ వాదములను త్రోసివేసినది. రైతు వినియోగదారుడే. తెచ్చిన విత్తనమంతయు విత్తుకొను రైతు, ముందు ముందు పంట చెడునని ఊహించి పరీక్షకు గింజలు దాచి ఉంచవలెననుట న్యాయము కాదు. పొలము చూచిన అధికారుల నివేదిక సాక్ష్యముగా పనికివచ్చును. కోర్టువారి తీర్పు సారమిది. అది సర్కారు సంస్థ. దానిమీదనే రైతు గెలిచినప్పుడు ప్రైవేటు కంపెనీని అడుగుటకు జంకనేల?

2019 నాటి క్రొత్త చట్టము ప్రకారము మీరు నివసించు జిల్లాకు చెందిన కమిషనులోనే ఫిర్యాదు చేయవచ్చును. రెండు సంవత్సరములలోగా చేయవలెను. కొన్న సరుకు వెల 5 లక్షల లోపైనచో రుసుము లేదు. వకీలు లేకున్నను మీరే చెప్పుకొనవచ్చును. కాని మొదట అడుగు కాగితము మాత్రము ఆ రసీదే.

మీలో చాలమంది పోయిన సంవత్సరపు చిట్టీలు, సంచుల చీటీలు తెచ్చినట్లు చూచుచున్నాను. వానిమీద లైసెన్సు నంబరు, లాటు నంబరు ఉన్నవో లేవో చదివి చూచుకొందము. సాయంత్రము బస్సు వరకు నేనిక్కడనే ఉందును. మండల వ్యవసాయాధికారిగారు కూడ ఉందురు. ముందు వరుసలోనివారితో మొదలుపెట్టెదము.